ఇంటికి నల్లది, అంగడికి తెల్లది

ఐరాల వైపు కొత్తగా బెల్లం గానుగలు పెడుతున్న కుర్రాళ్లు కొందరు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లున్నారు. శ్రీ సిటీలో షిఫ్టు ఉద్యోగాలతో విసిగిపోయి వచ్చినవాళ్లున్నారు. అందరూ అడిగేది ఒకటే: "పెద్దాయనా, పాకం యాళకు దించాల గదా, ఎట్ల తెలుస్తాది?" అది చెప్పడం సులువు. చల్లటి నీళ్లలో ఒక బొట్టు వేసి, వేళ్లతో ఉండ చేసి, గిన్నె అంచుకు కొట్టి చూడాలి. మెత్తగా అతుక్కుంటే ఇంకా ఉడకాలి, ఖణేల్మంటే దించాలి. రెండు మూడు పెనాలు వండితే ఎవరికైనా వస్తుంది.

వాళ్లు అడగనిది ఇంకొకటుంది. పెనంలో ఏం వేస్తున్నాం, అది ఎవరి గొంతులోకి పోతుంది అని. నా పనిలో అసలు సంగతి అదే. చెరకు గానుగల దగ్గర పాకం పట్టడమే నా బతుకంతా. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మందు డబ్బాల మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, పక్కింటి పిల్లల సైన్సు పుస్తకాలు అడుక్కుని, అర్థం కానిది మందుల షాపులో అడిగి తెలుసుకున్నవాడిని. కాబట్టి ఇందులో తప్పులుంటే చదువుకున్నవాళ్లు దిద్దుకోండి. దిద్దడానికైనా చదవండి.

పొడి ఎట్లా వచ్చింది

నేను పనిలో చేరిన కొత్తలో బెల్లానికి రంగు నేల ఇచ్చేది. ఎర్రనేల చెరకైతే ఒక రంగు, చవుడు నేలదైతే ఇంకో రంగు. రసం కాగుతుండగా సున్నపు తేట పోసేవాళ్లం. బెండ కాడలు నలగ్గొట్టి నీళ్లలో పిసికితే జిగురు వస్తుంది, అది పోస్తే మడ్డి అంతా నురగతో పైకి తేలేది. జల్లితో తీసి పారేసేవాళ్లం. అంతకు మించి మందూ లేదు, మాయా లేదు. బెల్లం గోధుమ రంగులోనో, ముదురు కాఫీ రంగులోనో దిగేది. చీమలు పట్టేవి. ఈగలు ముసిరేవి.

తర్వాత మండీ వ్యాపారులకు తెల్లబెల్లం మీద కన్ను పడింది. ఎక్కడిదో ఒక ముద్ద తెచ్చి మా గానుగ యజమాని ముందు పెట్టారు. ఎండలో పెడితే బంగారంలా మెరుస్తోంది. "ఇట్లాంటిది తెచ్చేదుంటే తే, లేకుంటే నీ సరుకు పశువులకు పెట్టుకో" అన్నారు. వారం తిరక్కముందే మా పాకలోకి ఒక డబ్బా పొడి వచ్చింది. హైడ్రోస్ అన్నారు. నూలుకు రంగులద్దేవాళ్లు పాత రంగు ఊడగొట్టడానికి వాడే మందు. బట్ట మీది రంగు తీసేదాన్ని తినే తిండిలో వేయమన్నారు.

వేశాం. మరుగుతున్న పాకంలో పొడి పడగానే నల్లగా ఉన్నది పసుప్పచ్చగా మారిపోయింది. చుట్టూ నిలబడినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ మరుక్షణం ఒకేసారి వంద అగ్గిపుల్లలు గీసినట్టు ఘాటు లేచింది. కళ్లలో నీళ్లు, గొంతులో మంట. యజమాని దగ్గుతూనే, "సూడండ్రా రంగు" అన్నాడు.

దానికి తూకం లేదు. గుప్పెడే కొలత. ఎవరి గుప్పెడు? పొయ్యి దగ్గర ఆ పూట ఎవడుంటే వాడిది. రంగు సరిగా రాలేదంటే ఇంకో గుప్పెడు. ముందు వేసినవాడు చెప్పకుండా బీడీకి పోతే, తర్వాత వచ్చినవాడు మళ్లీ వేసేవాడు. ఇన్నేళ్లలో ఒక్క గానుగ దగ్గర కూడా ఆ పొడి తూచగా నేను చూడలేదు. చెరకు తూచారు, బెల్లం తూచారు, పొడి మాత్రం తూచలేదు.

ఒక వానకాలం పాక కారి, సగం వాడిన పొడి డబ్బాలో నీళ్లు పడ్డాయి. మేం అన్నం తింటున్నాం. మూలనుంచి పొగ వచ్చింది. దాపున నిప్పు లేదు, బీడీ లేదు. పొడి తనంతట తానే వేడెక్కి, పొగలు కక్కి, పక్కనున్న చెరకు పిప్పికి అంటించింది. ఇసుక పోసి ఆర్పాం. నాలుగు నీళ్లచుక్కలు తగిలితే నిప్పు పుట్టేదాన్నా ఊరి పిల్లల నోట్లో పెడుతున్నాం అనుకున్నాను. యజమాని నేర్చుకున్న పాఠం వేరు. "ఇకమీదట పొడిని తడవకుండా పెట్టండ్రా" అన్నాడు.

కొత్తవాళ్లకు ఒక మాట. మీ పైన ఉండేవాడు ప్రమాదం నుంచి ఏ పాఠం నేర్చుకుంటాడో గమనించండి. వాడి దగ్గర ఎన్నాళ్లుండాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇంటి పాకం

మా వైపు ఒక ఆచారముంది. బయటివాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. ప్రతి గానుగ యజమానీ ఏటా ఒక పెనం తన ఇంటికని విడిగా వండించుకుంటాడు. దాన్ని ఇంటి పాకం అంటారు. ఆ రోజు పెనం రెండుసార్లు తోముతారు. పొడి డబ్బాను పాకలోంచి బయట పెడతారు. సున్నపు తేట, బెండ జిగురు మాత్రమే. నల్లగా, మెత్తగా దిగుతుంది. కుండల్లో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, ఇంట్లోవాళ్లు ఏడాదంతా తింటారు.

అంటే ఏమిటి? ఏది తినాలో, ఏది తినకూడదో వండేవాళ్లందరికీ తెలుసు. తెలియక చేస్తున్నారని వాళ్లను వెనకేసుకొచ్చే పెద్దమనుషులు ఒక్కసారి ఇంటి పాకం రోజున వచ్చి చూడాలి. తెలియనివాడు పొడి డబ్బాను బయట ఎందుకు పెడతాడు?

ఆ తర్వాత నేను ఎక్కువ కాలం పనిచేసింది మునిరత్నమన్న గానుగ దగ్గర. చెడ్డవాడని అనలేను. కూలీలతో పాటే కూర్చుని తినేవాడు. జ్వరమొస్తే బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. ఆయన భార్య సుబ్బమ్మ వదిన మజ్జిగ లేకుండా మమ్మల్ని పంపేది కాదు. కొడుకు, కోడలు కళావతి తిరుపతిలో ఉండేవాళ్లు. కళావతి బడిలో టీచరు. వాళ్లకు ఒక్కతే కూతురు, లోహిత. సెలవులొస్తే ఊళ్లో దాని కాలు నిలవదు. కాలుతుందని పెనం దగ్గరికి మాత్రం రానిచ్చేవాళ్లు కాదు. నన్ను పాకం తాతా అని పిలిచేది.

ఆ పిల్లకు ఉబ్బసం. తిరుపతిలో ఉన్నన్నాళ్లు పిల్లికూతలు, మందు పీల్చే పంపు, ఆసుపత్రులు. ఊరికొచ్చి నాలుగు రోజులుంటే తేటపడేది. తిరుపతి కొండగాలి పడటం లేదు, అలిపిరి దగ్గర ఆ బస్సుల పొగ పడటం లేదు అని ఇంట్లో అనుకునేవాళ్లు. మునిరత్నమన్న మురిసిపోయేవాడు. "నా గానుగ పిప్పి పొగే దానికి మందురా" అనేవాడు.

కళావతి అడిగిన మాట

ఒక సెలవుల్లో కళావతి బిడ్డతో వచ్చి, తిన్నగా పొయ్యి దగ్గరికి వచ్చింది. నేను జల్లి పట్టుకుని మడ్డి తీస్తున్నాను.

"పెద్దాయనా, ఒక మాట అడగతా. నిజం చెప్పాల."

"అడుగమ్మా."

"ఎండు ద్రాక్ష తిన్న రోజు పాపకు ఊపిరాడలేదు. డాక్టరు ఆ పొట్లం సూసి, దీంట్లో సల్ఫైట్ అని ఉండాది, కొంతమంది ఉబ్బసం పిల్లలకు ఇది పడదు అన్నాడు. ఇంట్లో ఇంకేం తింటాది అని అడిగినాడు. బెల్లం పాలు అన్నాను. ఏం బెల్లం, తెల్లదా నల్లదా అన్నాడు. మీరు దీంట్లో ఏమేస్తారు?"

నేను జల్లి నా జతగాడి చేతికిచ్చి పక్కకొచ్చాను. అప్పటికే సుబ్బమ్మ వదిన మజ్జిగ చెంబుతో వచ్చి నిలబడింది.

"హైడ్రోస్ అంటారమ్మా. గంధకం మందు. నువ్వు చెప్పిన జాతిదే."

"ఈడ పాప తినేదాంట్లో కూడానా?"

"లేదు. ఈడ తినేది ఇంటి పాకం. దాంట్లో వెయ్యం."

"మరి మా ఇంటికి పంపేది?"

నేను సుబ్బమ్మ వదిన వైపు చూశాను. ఆమె చెంబు కింద పెట్టింది.

"నల్లది ఎట్ల పంపేది కోడలా? మీ ఇంటికి మీ అమ్మోళ్లు వస్తారు, నీ తోటి టీచర్లు వస్తారు. సొంత గానుగ పెట్టుకోనుండి మడ్డిబెల్లం పంపినారంటారు. నీకని నేనే ఏరి పంపించినా. అన్నిట్లోకీ తెల్లగా ఉండేది చూసి ఏరినా."

ఊరికొస్తే ఆ పిల్ల ఎందుకు తేటపడుతోందో ఆ క్షణంలో ముగ్గురికీ తెలిసింది. గాలి కాదు, పొగ కాదు. ఇక్కడ పేదతిండని దాచుకున్నది తిని బాగుంటోంది, అక్కడ మర్యాదకని ప్రేమగా పంపింది తిని ఊపిరాడక కొట్టుకుంటోంది.

మేం ఇంకా అక్కడే నిలబడి ఉండగా పెనం వైపునుంచి మునిరత్నమన్న గొంతు వినిపించింది. మొదటిసారి మనవరాలిని చంకనెత్తుకుని, పాకం చూపిస్తున్నాడు. "సూడు పాపా, ఇప్పుడు బంగారం అయిపోతాది." నా జతగాడికి మా మాటలు వినబడలేదు. అలవాటు చొప్పున గుప్పెడు పొడి విసిరాడు.

ఘాటు లేచింది. మాకు అలవాటే, ముఖం తిప్పుకుంటాం. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. ఒక్క దగ్గు వచ్చింది. తర్వాత దగ్గు కూడా రాలేదు. మెడ దగ్గర గుంట లోపలికి పోయింది, పక్కటెముకలు బయటికి వచ్చాయి, పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. తాత మెడ పట్టుకుని గుంజుతోంది. "ఏమైందిరా, ఏమైందిరా" అని ఆయన నన్ను అడుగుతున్నాడు. కళావతి పంపు కోసం ఇంట్లోకి పరుగెత్తింది. సంచి దొరికింది, పంపు సంచి అడుగున ఉంది. బట్టలన్నీ వాకిట్లోకి విసిరేసింది.

పంపు పెట్టినా పూర్తిగా తగ్గలేదు. కారులో వేసుకుని చిత్తూరుకు బయల్దేరాం. దారి పొడుగునా ఆ పిల్ల ఛాతీలోంచి వచ్చిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మధ్యలో ఒకచోట చప్పుడు ఆగింది. తగ్గింది కాబోలు అనుకున్నాను. "చప్పుడు రాలేదంటే గాలి పోలేదని, తొందరగా పోనీ" అని కళావతి డ్రైవరును కసిరింది. భయమంటే ఏమిటో నాకు ఆ కారులో తెలిసింది. చప్పుడు వస్తే ఒక భయం, రాకుంటే ఇంకో భయం.

బతికింది. డాక్టరు మాస్కు పెట్టి, సూదులు వేసి, సాయంత్రానికి మాట్లాడించాడు. బయటికొచ్చి మునిరత్నమన్నతో నెమ్మదిగానే చెప్పాడు. "అందరికీ ఇట్లా కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లలోనూ కొందరికే. కానీ ఎవరికి పడదో ముందుగా ఎవరికీ తెలియదు. ప్రాణం మీదికొచ్చిన రోజే తెలుస్తుంది."

ఆ చివరి మాట రాసి పెట్టుకోండి.

తాతకు తోచిన ఉపాయం

మరుసటి పూటే మునిరత్నమన్న పొడి డబ్బాలు గుంత తీసి పూడ్పించాడు. ఆ ఏడు మిగిలిన చెరకంతా పొడి లేకుండా వండాం. చాలా కాలం తర్వాత పాకలో కళ్లు మండకుండా పనిచేశాను. సరుకు మండీకి పోయింది. వ్యాపారి ముద్ద తిప్పి చూసి, "ఏమన్నా, గానుగలో బొగ్గు వండినావా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. సారా కాచేవాళ్లు కొనే ధరకు అడిగాడు. రెండు మూడుసార్లు అట్లాగే జరిగింది.

తర్వాతి పంటకు పొయ్యి రాజేసే రోజున పాకలోకి పోయేసరికి మూల కొత్త డబ్బా ఉంది.

"ఏందన్నా ఇది?"

"ఏం చెయ్యమంటావు రాయప్పా. రంగు లేకుంటే కొనేవాడు లేడు."

"మన పాప సంగతి మరిచిపోయినావా?"

"ఎందుకు మరిస్తాను? అందుకే ఈతూరి ఇంటి పాకం రెండు పెనాలు వండిస్తాండా. ఒకటి మాకు, ఒకటి తిరుపతికి. పాపను గానుగ కాడికి రానిచ్చేది లేదు. ఇంకేం భయం?"

"తక్కిన పిల్లోళ్లు?"

ఆయనకు కోపమొచ్చింది. "ఊర్లో గానుగలన్నీ ఏస్తాండాయి. నేనొక్కడినే మానేస్తే లోకం బాగుపడతాదా? నీకు పని కావాల్నా, వద్దా?"

నేను తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాను. గొప్ప చెప్పుకోవడం లేదు. అప్పటికే నడుం వంగింది, ఎట్లాగూ మానేసేవాడినే. నాకు కోపం తెప్పించింది పొడి కూడా కాదు. కళ్లారా చూడక ముందు వేశాడంటే సరే. తన మనవరాలి పెదాలు నల్లబడటం చూశాక, ఆ పిల్ల వరకు గోడ కట్టుకుని, పొడి మళ్లీ తెచ్చాడు. ఆ ఉపాయం ఆయనొక్కడిదే కాదు. టమోటాకు మందు కొట్టేవాడు పెరట్లో రెండు చెట్లు విడిగా పెంచుకుంటున్నాడు. మామిడికాయకు కార్బైడు పెట్టేవాడు తన ఇంటికి గడ్డిలో మాగేస్తున్నాడు. పాలలో ఏదో కలిపేవాడు సొంత ఆవును ఇంటి ముందర కట్టేసుకుంటున్నాడు. ప్రతివాడికీ ఒక ఇంటి పాకముంది. ఒకడి ఇంటి పాకాన్ని ఇంకొకడి అంగడి పాకం పాడుచేస్తోంది.

పిప్పి తడిసిందని పొయ్యిలో పాత టైరు ముక్కలు, చెప్పుల అడుగులు వేసే గానుగలు కూడా చూశాను. ఆ నల్లపొగ చల్లారి ఎక్కడ దిగుతుందో ఎవరూ అడగరు. మూత లేని పెనంలో దిగుతుంది. అది తింటే ఏమవుతుందో నేను చెప్పలేను, నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, వేసేవాడికీ తెలియదని.

యా గానుగది

నేను మానేసిన తర్వాత మునిరత్నమన్న నాతో మాట్లాడటం మానేశాడు. మొన్నటి వేసవిలో ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆయన కారు ఆగింది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"పాపను మళ్లీ ఆసుపత్రిలో ఏసినారు. తిరుపతిలో. ఇప్పుడే పోతాండా."

"ఎట్లైంది?"

"మేడ మీదోళ్ల ఇంట్లో పుట్టినరోజంట. తీపి పొంగలి పెట్టినారు. పాప పది మెతుకులు కూడా తినలా. మాస్కు పెట్టినారంట." మంచం మీద కూర్చోబోయి, కూర్చోకుండా నిలబడ్డాడు. "మేడమీదోళ్లు ఆ బెల్లం అంగట్లో తెచ్చినారంట. తెల్లది. యా గానుగదో కనుక్కో రాయప్పా. నీకు ఈ పక్క అందురూ తెలుసు. వాడిని వదిలేది లేదు."

"పట్టుకుని ఏం చేస్తావన్నా?"

"అడగతా. పసిబిడ్డలు తినేదాంట్లో ఎట్ల ఏస్తావురా అని అడగతా. నీ ఇంట్లో బిడ్డలు లేరా అని అడగతా."

నేను ఆయన ముఖం చూశాను. వెక్కిరించడానికి నోరు రాలేదు. ఆ మనిషి నటించడం లేదు.

"అంగట్లో బెల్లానికి పేరుండదన్నా. మండీలో అందరి సరుకూ ఒకే కుప్ప. మనూరిది కావచ్చు, పక్కూరిది కావచ్చు."

"నాది తిరుపతికి పోదు" అన్నాడు వెంటనే. తప్పుగా పెట్టిన గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. "పోతాదా?" అన్నాడు.

తెలిస్తే చెప్పేవాడినే. ఈ జిల్లాలో ఎవరి బెల్లం ఎవరి గిన్నెలోకి పోతుందో చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు.

అంతలో ఆయన ఫోను మోగింది. స్పీకరు నొక్కాడు. కళావతి గొంతు, అలిసిపోయి ఉంది.

"మామా, మాస్కు తీసేసినారు. తెలివొచ్చింది. ఆకలంటాంది." అవతల ఆసుపత్రి వరండాలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. "ఈడ కింద క్యాంటీనుంది, బయట అంగళ్లుండాయి. ఏం పెట్టమంటావు మామా?"

మునిరత్నమన్న ఫోను నా ముందుకు చాపాడు.

"మామా, వింటాండావా? ఏం పెట్టాల?"